బెల్లు కొట్టేవాళ్ళు లేని పరీక్ష

(ఎంటెక్ సీట్లకీ, కొన్ని ప్రభుత్వరంగ ఉద్యోగాలకీ దారి చూపే జాతీయ పరీక్ష గేట్ రాయబోతున్న ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం ఒక కాలేజీ సెమినార్ హాల్లో చేసిన ప్రసంగం ఇది. రికార్డింగ్ విని రాసింది కాబట్టి మాట్లాడిన ధోరణి అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి వినబడుతోందా? మైకు కాస్త గరగరమంటోంది, పర్లేదు. ముందు మూడు వరసలు ఎప్పటిలాగే ఖాళీగా వదిలేసి అందరూ గోడ దగ్గర ఫ్యాన్ల కింద సర్దుకున్నారు, ఈ ఉక్కలో నేనేమీ అనను.

నన్ను పిలిచినవాళ్ళు ఏం చెప్పారంటే, "సర్, మా పిల్లలు జూన్‌లో బ్రహ్మాండంగా మొదలుపెడతారు, దసరా వచ్చేసరికి చల్లారిపోతారు, కాస్త మోటివేషన్ ఇవ్వండి" అని. చేతిలో పెట్టి పంపడానికి అదేమైనా ప్రసాదమా? నేను గంటసేపు గొంతు చించుకుని వెళ్తే మీకు సాయంత్రం దాకా ఊపు ఉంటుంది, రాత్రి మెస్సులో తిని రూముకి వెళ్ళేసరికి దిగిపోతుంది. అర్ధరాత్రి యూట్యూబ్‌లో మోటివేషన్ వీడియోలు చూసేవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారో నేను అడగను, చేతులెత్తక్కర్లేదు. వెనకాల మ్యూజిక్ మోగుతుంటుంది, ఎవరో వానలో తడుస్తూ పరిగెడుతుంటాడు, చూస్తున్న పది నిమిషాలూ మనకే ఐఐటీలో సీటు వచ్చేసినట్టు ఉంటుంది, ఆ తృప్తితో పడుకుంటాం. పొద్దున్న లేచేసరికి థర్మోడైనమిక్స్ పుస్తకం నిన్న ఏ పేజీలో ఉందో అదే పేజీలో ఉంటుంది. అందుకని ఉత్సాహం ఎక్కించే పని నేను పెట్టుకోను. అది ఎందుకు దిగిపోతోంది, అందులోనూ మన తెలుగు పిల్లలకి ఎందుకు అంత తొందరగా దిగిపోతోంది, ఇవాళ దాని గురించి మాట్లాడుకుందాం.

మీలో సగానికి పైగా ఇంటర్ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చదివి ఉంటారు. కాలేజీల పేర్లు మనకి వద్దు, లోపల అన్నీ ఒకేలా ఉంటాయి. తెల్లవారకముందే వార్డెన్ తలుపు దబదబా బాదుతాడు, స్టడీ అవర్, టిఫిన్, క్లాసులు, మళ్ళీ స్టడీ అవర్, భోజనం, మళ్ళీ స్టడీ అవర్, వారం తిరిగేసరికి టెస్టు, ఆ మర్నాడు నోటీసు బోర్డు మీద ర్యాంకుల లిస్టు, ర్యాంకు జారితే సెక్షన్ మార్చేస్తారేమోనన్న భయం, ఆదివారం ఫోన్ ఇస్తే అమ్మ అన్నం తిన్నావా అని అడిగిన మరుక్షణం అడిగేది వీక్లీ టెస్టులో ఎంతొచ్చిందనే. ఆ రెండేళ్ళలో మీరు మామూలుగా చదవలేదు, గొడ్డుచాకిరీ చేశారు. కానీ ఆ రెండేళ్ళలో ఒక్క పూటైనా "ఇప్పుడు నేను ఏం చదవాలి" అని మీ అంతట మీరు తేల్చుకున్నారా? ఆ అవసరమే రాలేదు. ఏం చదవాలో టైంటేబుల్ చెప్పింది, ఎప్పుడు చదవాలో బెల్లు చెప్పింది, ఎలా చదివారో లిస్టు చెప్పింది. ఆపైన బీటెక్‌లో సెమిస్టర్ పరీక్షలు. వాటికి ఎలా చదువుతామో ఇక్కడ ఉన్న లెక్చరర్ల ముందు నేను చెప్పను, వాళ్ళకీ తెలుసు, మీకూ తెలుసు.

ఇప్పుడు గేట్‌కి వార్డెన్ లేడు. ఫిబ్రవరిలో పరీక్ష, మార్చిలో ఫలితం, అప్పటిదాకా ఎనిమిది తొమ్మిది నెలలపాటు మీరు చదివారా లేదా అని అడిగే దిక్కు లేదు. చదవకపోయినా ఏమీ కాదు, అన్నం పెట్టడం మానరు, అటెండెన్స్ తగ్గదు. ఇలాంటి స్వేచ్ఛ మీకు జీవితంలో మొదటిసారి దొరికింది, దొరికిన మూడో వారానికే చేతులు కాళ్ళు ఆడవు. అప్పుడు మనవాళ్ళు ఏమంటారు? "నాలో పట్టుదల పోయింది సర్, ఇంటర్లో ఉన్న ఫైర్ ఇప్పుడు లేదు" అంటారు. ఇంటర్లో ఉన్నది ఫైరో, వార్డెనో ఒకసారి ఆలోచించుకోండి. నా ఉద్దేశంలో మీకు చదవడం చాలా బాగా వచ్చు. ఎవరూ చెప్పకుండా మొదలుపెట్టడం, ఎవరూ చూడకపోయినా కొనసాగించడం, ఇది వేరే విద్య, దాన్ని మీకు ఎవరూ నేర్పలేదు. నేర్పనిదాన్ని రాలేదని ఏడవడం దేనికి, నేర్చుకోవచ్చు.

ఇంకొక తిరకాసు ఉంది, దీని గురించి కోచింగ్ వాళ్ళు కూడా పెద్దగా మాట్లాడగా నేను వినలేదు. మీరు రాసిన ఎంసెట్ గుర్తుందా? 160 ప్రశ్నలు, మూడు గంటలు. అంటే ప్రశ్నకి నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు, తెలియకపోతే ఏదో ఒకటి నొక్కేసి ముందుకెళ్ళడమే. గేట్ కూడా మూడు గంటలే, కానీ 65 ప్రశ్నలు, 100 మార్కులు. ప్రశ్నకి రెండు నిమిషాల ముప్పావు. ఆప్షన్లున్న వాటిలో తప్పు పెడితే ఒక మార్కు ప్రశ్నకి మూడోవంతు, రెండు మార్కుల ప్రశ్నకి మూడింట రెండొంతులు కోత. కొన్నిటికి అసలు ఆప్షన్లే ఉండవు, జవాబు అంకె మీరే టైపు చేయాలి. 2021 నుంచి ఒకటి కంటే ఎక్కువ సరైన ఆప్షన్లు ఉండగల ప్రశ్నలు కూడా వచ్చాయి, అందులో అన్నీ సరిగ్గా పెడితేనే మార్కు. ఈ రెండు రకాలకీ కోత లేదు గానీ, షార్ట్‌కట్ పెట్టి ఆప్షన్ల లోంచి వెనక్కి వచ్చే మన ఇంటర్ విద్య వాటి దగ్గర పనిచేయదు.

దీనికీ మోటివేషన్‌కీ ఏంటి సంబంధం అంటారా? మీరు మొదటిసారి పాత గేట్ పేపర్లో ఒక రెండు మార్కుల ప్రశ్న తీసుకుంటారు, అయిదు నిమిషాలు, పది నిమిషాలు, ఇరవై నిమిషాలు అవుతుంది, రాదు. ఎంసెట్ చదివిన బుర్రకి నిమిషంన్నర దాటిందంటే ఆ ప్రశ్న పోయినట్టే లెక్క. రెండేళ్ళపాటు అలా తయారైంది మరి. ఇరవై నిమిషాలు ఒకే ప్రశ్న ముందు కూర్చోవడం అంటే దానికి ఓడిపోవడమే. అందుకని లోపల్నించి ఒక మాట వస్తుంది, "నేను మొద్దుని, ఇది నా వల్ల కాదు" అని. నిజానికి ఆ ఇరవై నిమిషాలే చదువు. ఆ సమయంలో మీరు ఫార్ములా ఎక్కడ వర్తిస్తుంది, ఎక్కడ వర్తించదు, ఇచ్చిన షరతు దేనికి ఇచ్చారు అని తడుముకుంటున్నారు చూడండి, అక్కడే సబ్జెక్టు మీదవుతోంది. పరీక్ష రోజు రెండు నిమిషాల ముప్పావులో రావాలంటే ఇంట్లో ఇరవై నిమిషాలు ఇరుక్కోవాలి. మా స్టూడెంట్లలో బాగా తెలివైన వాళ్ళే ఇక్కడ ఎక్కువ నీరుగారిపోవడం చూశాను, ఎందుకంటే వాళ్ళకి ఇరుక్కోవడం అలవాటు లేదు. సుమారుగా చదివే పిల్లలకి అది అలవాటే, వాళ్ళు పెద్దగా నొచ్చుకోరు.

సరే, ఇప్పుడు వీడియోల సంగతి. లెక్చర్లు చూడొద్దని నేను అనను. ఎన్‌పీటీఈఎల్ అని ఆన్‌లైన్ పాఠాలు, ఐఐటీలూ, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టారు, ఎంతో గొప్ప పాఠాలు ఉచితంగా ఉన్నాయి, వాడుకోండి. కానీ రోజుకి ఆరు గంటలు వీడియో చూసి, ఒకటిన్నర స్పీడులో పెట్టి చూసి, రంగురంగుల పెన్నులతో నోట్సు రాసి, డిసెంబర్లో మొదటిసారి పేపరు ముట్టుకునే వాళ్ళున్నారే, వాళ్ళ గురించి ఒక ప్రయోగం చెప్తాను. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ పిల్లలకి ఒక పాఠం ఇచ్చారు. ఒక గుంపు దాన్ని నాలుగుసార్లు చదివింది. ఇంకో గుంపు ఒక్కసారే చదివి, మూడుసార్లు పుస్తకం మూసి గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్ళే గెలిచారు. వారం తర్వాత పెడితే తిరగబడింది, గుర్తుచేసుకుని రాసినవాళ్ళకి 61 శాతం గుర్తుంది, ఊరికే చదివినవాళ్ళకి 40. నాకు ఇందులో అసలు నచ్చిన ముక్క వేరే. వారం తర్వాత మీకు ఎంత గుర్తుంటుందనుకుంటున్నారు అని ముందే అడిగితే, ఎక్కువ గుర్తుంటుందని ధీమాగా చెప్పింది ఆ నాలుగుసార్లు చదివిన గుంపే!

అర్థమైందా? వీడియో చూస్తుంటే ధీమా పెరుగుతుంది, లెక్క చేస్తుంటే ధీమా తగ్గుతుంది. అందుకే మనం రోజూ వీడియో వైపే జారుకుంటాం, అది బద్ధకం కూడా కాదు పాపం, ధీమా కోసం వెతుక్కోవడం. ఆ ధీమా అప్పు. డిసెంబర్లో మొదటి మాక్ టెస్టు రాసినప్పుడు వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది, 22 మార్కులు కనిపిస్తాయి, ఇంక ఆ తర్వాత పుస్తకం తెరవాలంటే చేతులు రావు. దసరాకి కొందరు, క్రిస్మస్‌కి కొందరు మానేస్తున్నారంటే కారణం చాలావరకు ఇదే. వాళ్ళ పట్టుదల ఎక్కడికీ పోలేదు, చేసిన కష్టానికి ఇన్ని నెలలూ ఒక్క రుజువు దొరకలేదు. మనిషి రుజువు లేకుండా ఎన్నాళ్ళు కష్టపడతాడు?

కాబట్టి రుజువు రోజూ దొరికేలా చదువుని అమర్చుకోవాలి. నేను చెప్పడానికి వచ్చింది ఇదొక్కటే, మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే. ఒక టాపిక్ ఇవాళ చదివితే దాని మీద వచ్చిన పాత గేట్ ప్రశ్నలు, రెండో మూడో చాలు, పడుకునే ముందు పుస్తకం మూసి చేయండి. పాత పేపర్లు గేట్ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా ఉంటాయి, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. వచ్చిందా, తేదీ వేసి టిక్కు పెట్టండి. రాలేదా, తేదీ వేసి సున్నా చుట్టండి, నాలుగు రోజుల తర్వాత మళ్ళీ అదే ప్రశ్న. సున్నా పక్కన టిక్కు పడిన రోజు ఉంటుంది చూశారా, దాని ముందు ఏ స్పీచీ పనికిరాదు. జూలైలో రాని లెక్క సెప్టెంబర్లో వచ్చిందని మీ చేతిరాతతో మీ నోట్‌బుక్‌లో ఉంటే, దిగులుగా ఉన్న రోజు దాన్ని తిరగేయండి.

ఇప్పటికే బాగా డీలా పడి ఉన్నవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి? తొందరగా రుజువు దొరికేచోట. జనరల్ ఆప్టిట్యూడ్ 15 మార్కులు, సివిల్, మెకానికల్, ఈఈఈ, ఈసీఈ, సీఎస్ఈ లాంటి పేపర్లలో ఇంజనీరింగ్ మ్యాథ్స్ 13 మార్కులు, రెండూ కలిపితే 28. ఈ 28ని మనవాళ్ళు జనవరికి వాయిదా వేస్తారు, "అవి ఈజీ సర్, చివర్లో చూసుకోవచ్చు" అని. ఈజీ అయితే ముందే చేసేయండి, నాకు అర్థం కాదు ఈ లాజిక్. సీఎస్ఈ పేపర్లో జనరల్ కేటగిరీ కటాఫ్, అంటే క్వాలిఫై కావడానికి రావాల్సిన కనీస మార్కులు, 2018 నుంచి 2025 దాకా చూస్తే 25కీ 33కీ మధ్యే తిరిగింది. కటాఫ్ దాటితే ఐఐటీ సీటు వస్తుందని నేను చెప్పడం లేదు, దానికి ఇంకా చాలా మార్కులు కావాలి, అది దాటడం అంటే గడప దాటడం అంతే. అయినా ఈ పరీక్షలో 100కి 100 ఎవరూ అడగడం లేదని, నిండా 65, 70 తెచ్చుకునేవాళ్ళు కూడా ముప్ఫై, ముప్ఫై అయిదు మార్కులు వదిలేసి వచ్చినవాళ్ళేనని గుర్తుపెట్టుకుంటే సిలబస్ చూసినప్పుడు గుండె అంత దడదడలాడదు.

ఇక బెల్లు. బయట బెల్లు లేదన్నాను కదా, మీరే ఒకటి కట్టుకోవాలి. "రేపట్నుంచి బాగా చదువుతా" అనేది బెల్లు కాదు. జర్మనీకి చెందిన పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్టు 1999లో ఒక వ్యాసం రాశాడు, దాని సారం ఏంటంటే, ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముందే ముడివేసి పెట్టుకున్నవాళ్ళు, ఊరికే గట్టిగా అనుకున్నవాళ్ళకంటే చాలా ఎక్కువగా ఆ పని చేస్తారు. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడు పటాన్‌చెరు వైపు ఒక ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీలు చేస్తూ కెమికల్ పేపర్ రాశాడు. వారం వారం షిఫ్టు మారుతుంది, అందుకని పొద్దున్న అయిదింటికి లేస్తా లాంటి శపథాలు వాడికి కుదరవు. వాడేం చేశాడంటే, కంపెనీ బస్సులో సీటు దొరకగానే ఫోన్‌లో ముందే పెట్టుకున్న ఒక ప్రశ్న చూస్తాడు, రూమ్ వచ్చేదాకా అది బుర్రలో తిరుగుతుంది, రూమ్‌కి వెళ్ళి బూట్లు విప్పాక, అన్నం తినకముందు, దాన్ని కాగితం మీద చేస్తాడు. తిన్నాక అయితే నిద్ర వస్తుంది కాబట్టి తినకముందు. ఏ షిఫ్టు అయినా బస్సు ఉంటుంది, బూట్లు ఉంటాయి, ఆకలి ఉంటుంది. మిగతా చదువు సెలవు రోజుల్లో చేశాడు గానీ, రోజూ తాడు తెగకుండా పట్టుకున్నది ఈ ఒక్క ప్రశ్నే. మీకు వాడికంటే ఖాళీ ఎక్కువ, అందుకే కష్టం ఎక్కువ, నేను వేళాకోళం ఆడటం లేదు. ఖాళీ రోజంతా ముందున్నవాడు మధ్యాహ్నం నుంచి మొదలుపెడదాం అనుకుంటాడు, మధ్యాహ్నం రాదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు చిక్కడపల్లి లైబ్రరీ వైపు వెళ్ళి చూడండి. గ్రూప్స్‌కి, రకరకాల ఉద్యోగాలకి చదివేవాళ్ళు టిఫిన్ డబ్బా పట్టుకుని పొద్దున్నే వచ్చేస్తారు. అక్కడ ఎవరూ ఎవర్నీ చదవమని చెప్పరు. కానీ పక్కవాడు తలెత్తకుండా చదువుతుంటే ఫోన్ తీయడానికి మనకే మొహమాటంగా ఉంటుంది. ఆ మొహమాటం చాలా పనికొచ్చే సరుకు. మీ ఊళ్ళో గ్రంథాలయం ఉంటే అది, లేకపోతే కాలేజీ లైబ్రరీ, అదీ లేకపోతే ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి ఒక రూమ్. ముగ్గురు దాటితే అది బాతాఖానీ అవుతుంది, ముందే చెప్తున్నా.

టెలిగ్రామ్ గ్రూపుల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తా. అందులో 80 మార్కులు వచ్చినవాడే స్క్రీన్‌షాట్ పెడతాడు, 22 వచ్చినవాడు పెట్టడు. మీరు చూసేది క్లాసు మొత్తాన్ని కాదు, మొదటి బెంచీని. డౌట్ ఉంటే అడగండి, బయటకి రండి. పీడీఎఫ్‌లు పోగెయ్యడం చదువు కిందకి రాదు.

మాక్ టెస్టు ఎలా చూడాలో మాత్రం కాస్త ఓపిగ్గా వినండి. మార్కు చూసి ట్యాబ్ మూసేయకండి. పోయిన ప్రతి మార్కూ ఎందుకు పోయిందో రాయండి, మూడే కారణాలు ఉంటాయి. తెలిసీ తప్పు చేశాను, అసలు తెలియదు, తెలియకుండా నొక్కేశాను. మొదటిది ఎక్కువ ఉంటే సంతోషించండి, అవి మీ మార్కులే, చేయి జారాయి, రెండు నెలల్లో తిరిగి వస్తాయి. చాలామందికి మొదటి మాక్‌లలో పది పన్నెండు మార్కుల దాకా ఇందులోనే పోతాయి, యూనిట్లు మార్చకపోవడం, వర్చువల్ క్యాలిక్యులేటర్ మీద చేయి తిరగకపోవడం, ప్రశ్నలో "కానిది ఏది" అన్నది చూసుకోకపోవడం. రెండోది సిలబస్ పని, మామూలే. మూడో దాని లెక్క ఒకసారి చూడండి. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా నొక్కితే నాలుగింట ఒకసారి మార్కు వస్తుంది, మూడుసార్లు మూడోవంతు చొప్పున పోతుంది, మొత్తం మీద సున్నా. లాభమూ లేదు, నష్టమూ లేదు, కానీ టెన్షన్ మిగులుతుంది. ఒక ఆప్షన్ ఖాయంగా కాదని తేల్చగలిగితే మాత్రం లెక్క మీ వైపు మొగ్గుతుంది. ఈ చిన్న లెక్క తెలిసినవాడు హాల్లో చేతులు వణక్కుండా కూర్చుంటాడు.

ఇప్పుడు కాస్త కటువుగా ఒక మాట. మీరు గేట్ ఎందుకు రాస్తున్నారు? కొందరికి నిజంగా సబ్జెక్టు మీద ప్రేమ, కొందరికి ప్రభుత్వరంగ సంస్థలో ఉద్యోగం, కొందరికి కండి దాకా వెళ్ళి ఐఐటీ హైదరాబాద్ గేటు ముందు ఫోటో దిగి వచ్చినప్పటి నుంచి కోరిక. ఏదైనా పర్లేదు, ఏది గొప్పదని నేను తూకం వేయను. కానీ కొందరున్నారు, ప్లేస్‌మెంట్ రాలేదు, ఇంట్లో "ఏం చేస్తున్నావురా" అంటే "ఖాళీగా ఉన్నాను" అనలేక "గేట్‌కి ప్రిపేర్ అవుతున్నాను" అంటున్నారు. ఆ మాట సమాధానంగా బాగానే పనిచేస్తుంది, చదువుగా పనిచేయదు. అలాంటి వాళ్ళకి నేను ఏ ఉత్సాహమూ ఇవ్వలేను, ఇవ్వను కూడా. ఉద్యోగం వెతుక్కుంటున్నానని ఇంట్లో ధైర్యంగా చెప్పండి, వెతుక్కోండి, తప్పేముంది.

ఇంట్లో వాళ్ళంటే గుర్తొచ్చింది. మీ నాన్నగారికి ఎంసెట్ తెలుసు, గేట్ అంటే ఏంటో చాలామంది నాన్నలకి తెలియదు. "మళ్ళీ చదువా, మళ్ళీ ఫీజులా" అని ఆయన భయం ఆయనది. కూర్చోబెట్టి చెప్పండి, గేట్ స్కోరుతో ఐఐటీలోనో ఎన్ఐటీలోనో ఎంటెక్ చేరితే నెలకి 12,400 రూపాయలు స్టైపెండ్ వస్తుంది నాన్నా, స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది, పరీక్ష ఫిబ్రవరిలో, ఫలితం మార్చిలో, అప్పటిదాకా నన్ను పక్కింటివాళ్ళ అబ్బాయి ప్యాకేజీతో పోల్చొద్దు అని. తేదీ చెప్తే పెద్దవాళ్ళు ఓపిక పడతారు. తేదీ లేని ప్రిపరేషన్ని ఎవరూ నమ్మరు.

ఆ తర్వాత సంక్రాంతి ఉంది. నవ్వకండి, ఆంధ్రా పిల్లలకి గేట్ సిలబస్‌లో లేని పెద్ద చాప్టర్ అది. పండక్కీ పరీక్షకీ మధ్య మూడు నాలుగు వారాలే. వెళ్తే బంధువులు, అరిసెలు, కోడిపందేలు, "ఏం బాబూ, ఉద్యోగం ఎప్పుడు" అనే మావయ్యలు. వెళ్ళకపోతే ఖాళీ హాస్టల్లో ఒంటరిగా, మెస్సు మూసేసి, ఫోన్లో ఇంటి ముందు ముగ్గుల ఫోటోలు చూస్తూ కూర్చుంటారు, ఒక్క అక్షరం ఎక్కదు. నన్నడిగితే వెళ్ళండి. భోగికి వెళ్ళి కనుమ మర్నాడు వచ్చేయండి, కనుమ నాడు ప్రయాణం చేయకూడదంటారు కదా, ఆ మాటా దక్కుతుంది. పుస్తకాలు మోసుకెళ్ళొద్దు, తెరవరు, తెరవలేదన్న బాధ ఒకటి. మీ సున్నాలు చుట్టిన నోట్‌బుక్ ఒక్కటి బ్యాగులో పెట్టుకోండి చాలు.

ఇంకొకటి కాస్త సీరియస్‌గా. చదవబుద్ధి కాకపోవడం వేరు, వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతకాలనిపించకపోవడం వేరు. రెండోది మోటివేషన్ సమస్య కాదు, దానికి నేను చెప్పిన నోట్‌బుక్కులు పనిచేయవు. 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపేది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. రూమ్మేట్ అలా ఉంటే మీరే చేసి ఇవ్వండి. ఇందులో మొహమాటపడకండి.

నేను చాలాసేపు మాట్లాడాను. అడగండి ఇంక.

ఒక విద్యార్థిని: సర్, రోజుకి ఎన్ని గంటలు చదవాలి?

ఈ ప్రశ్న రాకపోతే ఆశ్చర్యపోయేవాణ్ణి. అమ్మా, గంటలు లెక్కపెట్టడం కూడా స్టడీ అవర్ అలవాటే. కుర్చీలో కూర్చున్న గంటలకి మార్కులు వెయ్యరు. ఇవాళ ఎన్ని ప్రశ్నలు పుస్తకం చూడకుండా చేశావు, అది రాసుకో. కాలేజీ ఉన్న రోజు అయిదు చేసినా బాగా చేసినట్టే, సెలవు రోజు ఇరవై చేయొచ్చు. నాలుగు రోజులు ఏమీ చేయకపోతే అయిదో రోజు పాత బాకీ తీర్చాలని పద్నాలుగు గంటలు కూర్చోకు, ఆ రోజు కోటా ఎంతో అంతే చేసి లేచిపో. బాకీలు తీర్చాలని చూసేవాళ్ళే మళ్ళీ మానేస్తారు.

ఒక విద్యార్థి: నేను థర్డ్ ఇయర్ సర్. ఇప్పుడే రాయొచ్చా, వచ్చే ఏడాది దాకా ఆగాలా?

రాయొచ్చు, 2021 నుంచి థర్డ్ ఇయర్ వాళ్ళకి అవకాశం ఇచ్చారు. రాయి. సబ్జెక్టులు సగమే అయ్యుంటాయి, కాబట్టి ఎవరూ నీ దగ్గర ర్యాంకు ఆశించరు, భయం లేకుండా హాలు ఎలా ఉంటుందో చూసి వస్తావు. ఆప్టిట్యూడ్, మ్యాథ్స్ 28 మార్కులకీ థర్డ్ ఇయర్ అడ్డం రాదు.

ఇంకో విద్యార్థి: సర్, నేను పాసవుట్. పోయినసారి క్వాలిఫై అయ్యాను గానీ ఐఐటీ వచ్చే స్కోరు కాదు. ఇంకో ఏడాది కూర్చోవాలంటే మనసు రావడం లేదు, వదిలేయాలన్నా రావడం లేదు.

ఇది మంచి ప్రశ్న బాబూ, దీనికి ధైర్యంగా ఉండు, మళ్ళీ రాయి అని చప్పట్లు కొట్టించుకునే జవాబు నేను చెప్పను. నీ రెస్పాన్స్ షీట్, అదే నువ్వు పెట్టిన జవాబులుండేది, డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నావా? ఉంది కదా. దాన్ని, సరైన జవాబుల ఫైనల్ కీని పక్కపక్కన పెట్టుకుని ఇందాక మాక్ గురించి చెప్పినట్టే పోయిన మార్కుల్ని మూడు రాశులుగా విడదీయి. తెలిసీ పోయిన మార్కులు కలిపితే నీకు కావాల్సిన స్కోరు దగ్గరికి వస్తున్నావనుకో, రెండోసారి రాయడంలో అర్థం ఉంది, అప్పుడు కూడా ఊరికే కూర్చోకుండా ఏదైనా ఉద్యోగం చేస్తూ రాస్తే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఖాళీ రోజు ఎంత బరువో నీకు పోయిన ఏడాది తెలిసే ఉంటుంది. అసలు తెలియని రాశే పెద్దగా ఉంటే ఏ సబ్జెక్టులో ఉందో చూడు, రెండు సబ్జెక్టుల్లోనే ఉంటే సరే, అన్నిట్లో పరుచుకుని ఉంటే ఆ ఏడాది ఖర్చు పెట్టేముందు బాగా ఆలోచించు. ఈలోపు చేతిలో ఉన్న స్కోరు వృథా కాలేదు, మూడేళ్ళు చెల్లుతుందన్నాను కదా. ఎన్ఐటీల కోసం సీసీఎంటీ కౌన్సెలింగ్‌లో పెట్టు, వరంగల్ రాకపోయినా ఇంకో ఎన్ఐటీ రావొచ్చు, తాడేపల్లిగూడెం ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఎంటెక్ ప్రవేశాలకి పెట్టే పీజీఈసెట్ కౌన్సెలింగ్‌లో కూడా గేట్ క్వాలిఫై అయినవాళ్ళని ముందు పిలిచి, తర్వాతే పీజీఈసెట్ ర్యాంకర్లకి ఇస్తారు. ఒక్క ఐఐటీ పేరు కోసమే అయితే ఇంకో ఏడాది, ఎంటెక్ చదవడం కోసం అయితే ఈ ఏడాదే దారి ఉంది. ఈ రెండిట్లో నీది ఏదో ఇంటికెళ్ళాక తేల్చుకో, ఇక్కడ అందరి ముందూ చెప్పక్కర్లేదు. రెస్పాన్స్ షీట్ తీసుకుని రేపు లంచ్ టైంలో స్టాఫ్ రూమ్‌కి రా, కూర్చుని చూద్దాం.